అరవై ఆరు కంప్యూటర్లూ పదే అన్నాయి

పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాసివ్వమని ఫోన్ చేసిన అమ్మాయి, "మేడమ్, మీరు సాధించిన విజయాల గురించి రాయండి" అంది. నేను గెలిచిన తగాదాలన్నీ రాస్తే సంచిక చాలదు. పైగా ఓడినవాళ్ళు ఇంకా అదే కాలేజీలో పనిచేస్తున్నారు, వాళ్ళకీ ఒక్కో కాపీ వెళ్తుంది. అందుకని ఓడిపోయిన తగాదా ఒకటి రాస్తున్నాను. నాకున్నది అదొక్కటే. రెండోది కూడా ఉందని ఎవరైనా అంటే వాళ్ళ ఫోన్ నెంబరు ఇవ్వండి, నేను మాట్లాడతాను.

రాజమండ్రి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇరవై ఏడేళ్ళు పనిచేసి, రెండేళ్ళ క్రితం నా అంతట నేనే మానుకున్నాను. నా ఉద్యోగం పేరు ప్రోగ్రామర్. ఆ ఇరవై ఏడేళ్ళలో నేను రాసిన ప్రోగ్రాములకంటే దులిపిన కీబోర్డులు ఎక్కువ. నాలుగు ల్యాబులు నా చేతిలో ఉండేవి. పిల్లలు పాడుచేసినవి బాగుచెయ్యటం, లెక్చరర్లు పాడుచేసినవి ఎవరికీ తెలియకుండా బాగుచెయ్యటం నా పని. దానికి తోడు కాలేజీ మొత్తం మీద తెలుగులో టైపు చెయ్యటం వచ్చింది నాకొక్కదానికే. మా యాజమాన్యం పెద్దాయనకి ఇంగ్లీషులో రాసిన అర్జీ అంటే ఒళ్ళు మంట. సెలవుచీటీ దగ్గర్నుంచి సంజాయిషీ దాకా ఆయన ముందుకి వెళ్ళే ప్రతి కాగితం నా చేతి మీదుగా తెలుగులో వెళ్ళాల్సిందే. ఎవరికి ఎందుకు సెలవు కావాలో, అందులో ఎంత అబద్ధమో నాకు తెలిసినంతగా ఆ కాలేజీలో ఇంకెవరికీ తెలియదు.

ఇక స్టోర్స్ చూసే ఆయన. జంగారెడ్డిగూడెం మనిషి. పెనుగొండలో పుట్టిన నాబోటి డెల్టావాళ్ళకి మెట్టవాళ్ళంటే కాస్త చిన్నచూపు, దాచుకోవటం దేనికి. ఆయన నెమ్మది ఎలాంటిదంటే, స్టోరు గదికి నిప్పంటుకున్నా నీళ్ళ బకెట్టు ఇచ్చే ముందు సంతకం పెట్టించుకుంటాడు. పాడైన వస్తువు తెచ్చి చూపిస్తే తప్ప కొత్తది ఇవ్వడు.

"మౌస్ కావాలండి."

"పాతదేదండి?"

"చచ్చిపోయింది."

"ఆయ్. శవం చూపించాలండి."

ఇలా ఉండేది మా సంభాషణ. నేను ఎంత అరిచినా ఆయన గొంతు పెంచడు. 'ఆయ్' అంటాడు. అది అవునండి అనో, కాదండి అనో, మీరు కానివ్వండి నాకు పనుంది అనో, విన్నవాళ్ళు తేల్చుకోవాలి. తగాదా అంటే ఇష్టమున్న మనిషికి అంతకన్నా నరకం లేదు.

గోదావరి జిల్లాలు విడిపోయి కొత్త జిల్లాలు ఏర్పడ్డ మరుసటి ఏడు మా కాలేజీ ఒక కొత్త ల్యాబు పెట్టి, దాని కోసం అరవై ఆరు కంప్యూటర్లు కొంది. అన్నిట్లోనూ పాత విండోస్ పది కాకుండా కొత్తగా వచ్చిన పదకొండు ఉండాలని ఆర్డరులో రాశారు. స్టోర్స్ ఆయన లారీ దగ్గర నిలబడి దింపించుకుని, ఒక్కో పెట్టె విప్పించి, ఒక్కోదానికి నెంబరు అంటించి, "అరవై ఆరూ కొత్తవి, ఆర్డరు ప్రకారమే ఉన్నవి" అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం ముక్క గుర్తుపెట్టుకోండి, గొడవంతా దాని మీదే.

కొన్నాళ్ళకి కాలేజీ గుర్తింపు చూసే కమిటీ వస్తున్నట్టు కబురొచ్చింది. ప్రతి కంప్యూటరు గురించీ జాబితా పంపమన్నారు. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో, అది ఎన్నో వెర్షనో కూడా రాయాలి. ప్రిన్సిపాల్‌గారి గదిలో దాని మీద మీటింగు.

"పెట్టెల మీద రాసే ఉందండి. చూసి రాసిచ్చేస్తాను" అన్నాడు స్టోర్స్ ఆయన.

"పెట్టె మీద రాసింది చూసి రాస్తారా?" అన్నాను. "పిల్లని చూడకుండా జాతకం చూసి పెళ్ళి చేసుకుంటారా ఎవరైనా?"

"మా పెళ్ళి అలాగే అయిందండి. బాగానే ఉన్నామండి."

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "మెషీన్ని అడగాలి. నేను ప్రోగ్రామ్ రాసి అడుగుతాను" అన్నాను.

కంప్యూటర్ చదవనివాళ్ళ కోసం ఇక్కడ ఒక్క ముక్క. ఏ ప్రోగ్రామైనా తాను ఏ సిస్టమ్ మీద నడుస్తోందో తెలుసుకోవాల్సిన అవసరం ఒక్కోసారి వస్తుంది. పాతదాంట్లో ఒకలా, కొత్తదాంట్లో ఒకలా చెయ్యాల్సిన పనులుంటాయి మరి. ఆ అడగటం మనం రాసిన ప్రోగ్రామ్ తరఫున, అది ఏ భాషలో ఉంటే ఆ భాష చేస్తుంది. సి అయితే తిన్నగా వెళ్ళి తలుపు కొడుతుంది. జావా తన ఇంట్లోనే కూర్చుని, కాపలావాడిని పంపి కనుక్కుంటుంది. పైథాన్ మాత్రం, "మీరు కూర్చోండి, నేను కనుక్కొస్తాను" అని వెళ్ళి, అవతలివాళ్ళు చెప్పిన పొడుగాటి జవాబుని మనకి అర్థమయ్యేంత ముక్కగా కత్తిరించి తెస్తుంది. మర్యాదస్తురాలు. నేను రాసింది పైథాన్‌లో. అదీ మా సిలబస్‌తో పాటు ముసలిదైపోయిన పైథాన్.

ఇరవై వరుసల ప్రోగ్రామ్ రాసి, కొత్త ల్యాబులో ఒక్కో మెషీన్ మీదా నడిపాను. విండోస్ ఎన్నోది అన్న గడిలో మొదటిది పది అంది. రెండోది పది. మూడోది పది. అరవై ఆరూ, పదో ఎక్కం మర్చిపోయి ఒక్క దగ్గరే ఆగిపోయిన పిల్లల్లా పది, పది, పది అన్నాయి.

నా ఒళ్ళు ఝల్లుమంది. సంతోషంతో. అబద్ధం చెప్పను. అంతకు కొన్నేళ్ళ ముందు ఎవరో సరఫరాదారు పాత మెషీన్లకి కొత్త పెట్టెలు తొడిగి మా కాలేజీకి అంటగడితే కనిపెట్టింది నేనే. ఆ గెలుపు తలకెక్కి ఇంకా దిగలేదు. మళ్ళీ దొరికారనుకున్నాను.

నాతో ల్యాబు అసిస్టెంటుగా చేసే ఆవిడ పక్కనే ఉంది. నర్సాపురం అవతల వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. అక్కా అని పిలుస్తుంది గానీ నా మాట ఒక్కటీ వినదు.

"అక్కా, తెర మీద చూస్తే పదకొండులానే ఉంది కదా. సెట్టింగ్స్‌లో కూడా పదకొండనే రాసుంది, చూడు" అంది.

"అది మనుషుల కోసం పెట్టిన బోర్డు. నేతి మిఠాయి అని బోర్డు రాసి డాల్డాలో వేయించటంలేదూ? ప్రోగ్రామ్ అడిగితే వచ్చే జవాబు అలా కాదు. ప్రమాణం చేసి చెప్పినట్టు."

"అరవై ఆరు మెషీన్లు కూడబలుక్కుని అబద్ధం ఆడతాయా?"

"ఆడవు. అందుకే అంటున్నా, అరవై ఆరూ నిజం చెప్తున్నాయని."

"చేప తాజాదో కాదో చేపని అడుగుతామేంటక్కా? మొప్ప ఎత్తి చూస్తాంగానీ."

"ఎత్తే కదా చూశాను."

"నువ్వు ఎత్తలేదు. అడిగావు."

అప్పుడే ఆగి ఉంటే ఈ వ్యాసం లేదు. ఆగలేదు. ప్రిన్సిపాల్‌గారు చూస్తే పరువు పోతుందని జాబితా తొక్కిపెడతారేమోనని, ఆయనకి చూపించకుండానే కమిటీ వాళ్ళకి మెయిల్‌లో పంపేశాను. పంపి, తిన్నగా స్టాఫ్ రూముకి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. పాతికమంది దాకా ఉన్నారు. స్టోర్స్ ఆయన కిటికీ పక్కన కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాడు.

"అందరూ వినండి" అన్నాను. "వట్టిపోయిన గేదెల్ని చూడిగేదెలని చెప్పి అంటగడితే, మన స్టోర్స్‌వారు అరవై ఆరిటినీ సంతకం పెట్టి దింపుకున్నారు."

కాగితం ఊపి చూపించాను. ఆయన కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"మేడమ్ గారూ, నేను ప్రతి పెట్టెనీ విప్పి చూసే సంతకం పెట్టానండి."

"అయితే మరీ ఘోరం. చూడకుండా పెడితే అమాయకులనుకునేవాళ్ళం."

చూసి పెట్టాడంటే సరఫరా చేసినవాడితో కుమ్మక్కయ్యాడని కదా అర్థం. నేను అంత ఆలోచించి అనలేదు. వాదనలో బాగుందని అన్నాను. ఆయన ఆయ్ అనలేదు. క్యారియరు మూతపెట్టుకుని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పెద్దాయన దాకా వెళ్ళింది. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఉన్న మీరు పాత యంత్రములను కొత్తవిగా ధ్రువీకరించినందుకు మిమ్ములను ఉద్యోగము నుండి ఎందుకు తొలగించరాదో రేపు ఉదయం పది గంటలలోగా తెలుపవలెను" అని మెమో. ఆ మెమో టైపు చేసింది ఎవరనుకున్నారు? నేనే. 'తొలగించరాదో' అన్న దగ్గర అక్షరం రెండుసార్లు తప్పు కొట్టాను గానీ, న్యాయం అంటే ఇలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి నేను వెళ్ళేసరికే ఆయన కంప్యూటర్ సెంటర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో అరఠావు కాగితాలు.

"సంజాయిషీ అండి. తెలుగులో టైపు చెయ్యాలి."

"నేనా?"

"మీరు తప్ప ఇంకెవరికీ రాదు కదండి."

నిజమే. తాళం తీశాను. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని చదవటం మొదలెట్టాడు.

"'నేను ఎటువంటి తప్పు చేయలేదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాను.'"

"సవినయముగా తీసెయ్యండి. తప్పు చెయ్యనివాళ్ళకి వినయమెందుకు?"

"చేశానని మీరే కదండీ అంటున్నారు."

"నేను అంటాను. మీరు వాదించేటప్పుడు గట్టిగా వాదించాలి కదా. ఇంత మెత్తగా రాస్తే ఎవరు నమ్ముతారు? తరవాత?"

"'ప్రతి పెట్టెను విప్పి చూచితిని.'"

"ఎవరి ఎదురుగా విప్పారు?"

"ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్ ఉన్నారండి."

"మరి రాయరేం? సాక్షుల్ని వదిలేస్తారా?" రాశాను. "కంపెనీ సీలు ఉందా పెట్టెలకి?"

"ఉందండి. ఫొటోలు కూడా తీశానండి ఫోన్‌లో."

"ఫొటోలు తీసి నిన్న నోరు మూసుకుని కూర్చున్నారా! అడగాల్సింది కదా నన్ను, 'నీ ఇరవై వరుసల ప్రోగ్రామ్ తప్ప నీ దగ్గర ఇంకేం ఆధారముంది' అని?"

"అది కూడా రాయమంటారా అండి?"

"రాయాలి మరి."

మూడో పేరాకి వచ్చేసరికి ఉత్తరం పదునెక్కింది. "పరీక్షింపబడని ప్రోగ్రాము యొక్క మాటను పట్టుకొని, ఇరవై రెండేళ్ళ నిజాయితీని నలుగురిలో నవ్వులపాలు చేయుట ఏపాటి న్యాయము?" అని ముగించాను. నా మీద నేనే రాసుకున్న వాక్యం చూసి ముచ్చటేసింది. దీనికి నా దగ్గర జవాబు ఉందా అని వెతుక్కున్నాను. వెంటనే తట్టలేదు. అది మొదటి దెబ్బ.

"అడుగున శాశ్వత చిరునామా వెయ్యాలండి" అన్నాడు. "జంగారెడ్డిగూడెం, పశ్చిమగోదావరి జిల్లా."

చేతులు ఆగిపోయాయి. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని పొద్దున్నించి చూస్తున్నదాన్ని కదా. "ఏలూరు జిల్లా అండి మీది. విడిపోయి ఏడాదయింది. పశ్చిమగోదావరి మాకు మిగిలింది. సొంత జిల్లా పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోతే ఎలాగండీ?"

"ఆయ్. అలవాటండి."

"ఎవరైనా అడిగితే కూడా ఇలాగే చెప్తారా?"

"అడిగే మనిషిని బట్టండి. కొత్త కుర్రోళ్ళయితే ఏలూరు అంటాను. పెద్దోళ్ళు అడిగితే పశ్చిమగోదావరి అనేస్తానండి. ఏలూరు జిల్లా అన్నాననుకోండి, 'అదేంటి, ఎప్పుడయింది, ఎందుకయింది, మరి మా భీమవరం ఎందులో ఉంది' అని అరగంట పట్టుకుంటారు. వాళ్ళు కంగారు పడతారు, నాకు బస్సు పోద్ది."

"అంటే అబద్ధం చెప్తారన్నమాట."

"అబద్ధం ఏముందండీ అందులో. వాళ్ళకి తెలిసిన పేరు చెప్పాను, అంతే."

"మరి ఉత్తరాలు ఎలా వస్తాయి మీ ఇంటికి?"

"పోస్టువాళ్ళు జిల్లా ఎక్కడ చూస్తారండి? చివరాఖరి పిన్ కోడు చూస్తారు. అది మారదు కదా."

'చిరునామా' అన్న మాట దగ్గర కర్సరు కొట్టుకుంటోంది. నేను దాన్నే చూస్తున్నాను.

పెద్దవాళ్ళు అడిగితే పాత పేరు చెప్తాడు. కంగారు పడతారని. అసలు సంగతి చివరి అంకెలో ఉంటుంది. నా పైథాన్ ముసలిది. నేను దాని చేత జిల్లా అడిగించాను. పిన్ కోడు అడిగించలేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, పూర్తి జవాబు అడిగే దారి అదే భాషలో, అదే చోట, ఇంకో మాటలో ఉంది. నాకు తెలుసు. పొడుగ్గా ఉండి కాగితం మీద గడిలో పట్టదని వాడలేదు. జాబితా అందంగా రావాలని.

"ఉండండి" అని లేచాను.

"సంతకం పెట్టాలండి, తొమ్మిదయింది."

"ఉండమన్నానా!"

కొత్త ల్యాబులోకి పరిగెత్తి మొదటి మెషీన్ మీద పూర్తి జవాబు అడిగాను. పది, చుక్క, సున్నా, చుక్క, ఆ తర్వాత ఇరవై రెండు వేల పైచిలుకు అంకె ఒకటి. నెట్‌లో వెతికాను. విండోస్ పదకొండు కూడా లోపల్లోపల తన పేరు పదనే చెప్పుకుంటుందట. చివరి అంకె ఇరవై రెండు వేలో, అంతకు పైనో ఉంటే అది పదకొండు అని గ్రహించాలట. పాత ప్రోగ్రాములు కొత్త పేరు వింటే కంగారుపడి పని మానేస్తాయని అలా ఉంచారని ఎక్కడో చదివాను. నిజమో కాదో ఆ చేసినవాళ్ళకే తెలియాలి. కొత్త పైథాన్ మాత్రం ఆ చివరి అంకె చూసుకుని పదకొండని సరిగ్గానే చెప్తుంది.

ల్యాబు అసిస్టెంటు అప్పుడే వచ్చింది. ఇద్దరం చెరో వరుసా పట్టుకుని అరవై ఆరూ చూసి, కొత్త జాబితా రాశాం. అరవై ఆరూ పదకొండే. పంతానికి పోయి కాలేజీలో ఉన్న మిగతా మెషీన్లు కూడా కొన్ని చూశాను. నిఖార్సయిన పది ఒక్కటే దొరికింది. అది నా బల్ల మీదున్నది. మార్చుకోండని స్టోర్స్ ఆయన రెండుసార్లు చెప్పినా నేను ఇవ్వనన్న మెషీన్.

"మొప్ప ఎత్తావాక్కా?" అంది ఆవిడ.

"నువ్వు కాసేపు మాట్లాడకు."

పది గంటలకి పది నిమిషాలుంది. ఆయన సంజాయిషీ అలాగే తెర మీద వదిలేసి, ఆయన్ని వెంటబెట్టుకుని, దారిలో జిల్లా, పిన్ కోడు పోలిక చెప్తూ ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను. ప్రిన్సిపాల్‌గారు ఎవరినీ నొప్పించని మనిషి, ఎవరికీ అక్కరకి రాని మనిషి కూడా. చేతిలో నా జాబితా. కమిటీ వాళ్ళు రాత్రే చూసి, దీని సంగతేంటని ఫోన్ చేశారట.

"సార్, నేను పంపిన జాబితా తప్పు. ఆ మెషీన్లు పదకొండే" అన్నాను.

"మరి పదని ఉందేంటమ్మా?"

"మెషీన్ పదనే చెప్తుందండి."

"అంటే పది."

"కాదండి. పదకొండు. పదని చెప్తుంది, అంతే."

"అమ్మా, కమిటీ ఇంకో గంటలో వస్తుంది. నాకు ఒక్క అంకె కావాలి. పదా, పదకొండా?"

"అడగటాన్ని బట్టి ఉంటుంది సార్."

ఆయన తల పట్టుకున్నారు. జీవితంలో మొదటిసారి నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. చెప్పేకొద్దీ, దొరికిపోయిన కాలేజీని కాపాడటానికి కథలు అల్లుతున్నదానిలా ఉంది నా వాలకం. నిన్నటి దాకా నిజం చెప్తున్నాననుకుని తప్పు చెప్తే అందరూ నమ్మారు. ఇవాళ నిజం చెప్తుంటే ఒక్కరూ నమ్మట్లేదు.

కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన జాబితా తీసి బల్ల మీద పెట్టారు. "కొత్తవని మీ స్టోర్స్ సర్టిఫికెట్ ఇచ్చింది. పాతవని మీ ప్రోగ్రామరే రాశారు. ఎవరి మాట నమ్మాలండి?"

నేను నోరు తెరిచాను. పది చుక్క సున్నా చుక్క అని మొదలెట్టి, జావా దాకా వెళ్ళాను. ఆయన గడియారం చూసుకున్నారు. అప్పుడు స్టోర్స్ ఆయన టీ కప్పు అందిస్తూ నెమ్మదిగా అడిగాడు.

"తమరిది ఏ జిల్లా అండి?"

"మాది తూర్పుగోదావరే."

"ఆయ్. ఊరండి?"

"పిఠాపురం పక్కన."

"అయితే మీది ఇప్పుడు కాకినాడ జిల్లా కదండి."

కమిటీ పెద్దాయన కప్పు కింద పెట్టారు. "అవునయ్యా. ఏదో అలవాటు."

"ఈ మెషీన్లకీ అదే అలవాటండి. జిల్లా అడిగితే పాతది చెప్తాయి. మేడమ్ గారు పిన్ కోడు అడిగి ఇప్పుడే కొత్త జాబితా తీశారండి."

పెద్దాయన నవ్వారు. నవ్వి ఊరుకోలేదు, లేచి ల్యాబుకొచ్చి పది మెషీన్ల మీద తనే స్వయంగా చూసుకున్నారు. పాత జాబితా మీద అడ్డగీత కొట్టి, కొత్తదాని మీద సంతకం పెట్టారు. మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు మా యాజమాన్యం పెద్దాయన దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది. అదీ నేనే టైపు చేశాను. ఇరవై ఏడేళ్ళలో అంత శ్రద్ధగా ఏదీ టైపు చెయ్యలేదు.

పిల్లలూ, మీలో చాలామంది ఇప్పుడు నాకంటే మంచి ప్రోగ్రాములు రాస్తున్నారు. నాకు కనిపించిన తప్పు చెప్తాను, మీ ఇష్టం. ఆ మెషీన్లు నాతో అబద్ధమాడలేదు. భాష కూడా ఆడలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పాయి. అది నేను అనుకున్న ప్రశ్నకి జవాబని నాకు నేనే ఊహించుకుని, ఒక మనిషి నోటి దగ్గర అన్నం ఆపాను. ప్రోగ్రామ్‌లో తప్పుంటే దిద్దుకోవచ్చు. స్టాఫ్ రూములో అన్న మాటని దిద్దే పద్ధతి ఏ భాషలోనూ లేదు.

కమిటీ వెళ్ళాక వరండాలో ఆయన్ని ఆపాను. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, "ఏమీ అనుకోకండి. పొరపాటయింది" అన్నాను. నా లెక్కలో అది చాలా పెద్ద మాట.

"ఆయ్" అన్నాడు. ఈసారి ఆ ఆయ్‌కి అర్థం 'కాదండి' అనే. "ఇక్కడ చెప్తే ఎలాగండి? అన్నది అక్కడ కదండి."

భోజనాల వేళ స్టాఫ్ రూములో నిన్నటికంటే ఎక్కువమంది ఉన్నారు. కబురు పాకిపోయింది. డ్రాయింగు సెక్షన్‌వాళ్ళు కూడా క్యారియర్లు పట్టుకుని వచ్చి కూర్చున్నారు, వాళ్ళకి వేరే గది ఉంది. ఆయన కిటికీ పక్కన క్యారియరు ఇంకా తెరవకుండా కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

"నిన్న నేను చెప్పింది తప్పు. మెషీన్లన్నీ కొత్తవే. అయితే నా ప్రోగ్రామ్ ఏమీ తప్పు చెప్పలేదు గానీ..."

"అక్కా" అంది ల్యాబు అసిస్టెంటు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "ఆ గానీ తీసెయ్."

తీసేశాను. "నిన్న నేను చెప్పింది తప్పు. ఆయన సరిగ్గా చూసే సంతకం పెట్టారు. నన్ను క్షమించాలి."

నా మొహం కుంపటిలా ఉంది. ఆయన క్యారియరు మూత తీశాడు. పప్పు కలుపుకున్నాడు. ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా అన్నాడు.

"మేడమ్ గారూ, ఏమీ అనుకోకపోతే ఇంకోసారి చెప్పండి. వెనక బల్లవాళ్ళకి వినపడలేదటండి."

వెనక బల్ల దగ్గర డ్రాయింగువాళ్ళు తలలూపారు. దొంగ మొహాలు. అక్షరం వదలకుండా విన్నారని నాకు తెలుసు. వాదించటానికి నోరు తెరిచాను, నా నాలిక మీద మంచి మాట ఒకటి సిద్ధంగా కూడా ఉంది.

దాన్ని మింగేసి, ఇంకోసారి చెప్పాను. గట్టిగా.